కుటుంబ కిరాణా సంస్థల్లో ఉద్యోగం, విశ్వాసం, వివాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక్క షట్టరుతో తాతగారు మొదలుపెట్టిన కొట్టు, తండ్రి హయాంలో రెండు మూడు అవుతుంది. మనవల చేతికి వచ్చేసరికి పటమట, భవానీపురం, సింగ్‌నగర్, గుంటూరు బ్రాడీపేట అంటూ శాఖలు వేస్తుంది. గల్లాపెట్టె తాళం మాత్రం ఇప్పటికీ ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది. అలాంటి సంస్థల్లో బిల్లింగ్ కౌంటర్ మీద, గోడౌన్‌లో, పొట్లాలు కట్టే గదిలో పనిచేసేవారు అడిగే ప్రశ్నలివి. అప్పుడప్పుడు యజమానులు కూడా అడుగుతారు. కిరాణా కొట్లకు లెక్కలు రాసే పని కాబట్టి రెండు పక్షాల మాటా నా చెవిన పడుతుంది. జవాబుల్లో ఎక్కడైనా మొగ్గు కనిపిస్తే అది జీతగాడి వైపేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక చట్టాల సంగతి. కొట్లకు ప్రధానంగా వర్తించేది ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. దానికి తోడు కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కనీస వేతనాలు, బోనస్, గ్రాట్యుటీ, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., సమ్మె, యూనియన్లు, ఇవన్నీ పాత చట్టాల నుంచి ఈ కోడ్‌లలోకి మారాయి. పేర్లు మారినా, మీరు రోజూ వాడుకునే హక్కుల్లో చాలావరకు పాతవే.

మా యజమాని మమ్మల్ని ఇంట్లో మనుషుల్లా చూసుకుంటారు. నియామక పత్రం అడిగితే నొచ్చుకుంటారేమో. అడగాలా?

అడగాలి. నొచ్చుకునే మనిషైతే మరీ ముందుగా అడగాలి.

మధ్యాహ్నం అన్నం పెట్టేవారు, ఆసుపత్రి ఖర్చు భరించేవారు, అమ్మాయి పెళ్లికి బియ్యం, పప్పు పంపేవారు ఈ వ్యాపారంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల అభిమానంలో కల్తీ ఉందని నేను అనను. కానీ ఆ అభిమానం ఆ మనిషిది, సంస్థది కాదు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కొడుకో అల్లుడో కూర్చుంటారు. వాళ్లకు మీ పిల్లల పేర్లు తెలియవు. మీరు చేరిన తేదీ కాగితం మీద ఉంటే, కనీసం అదైనా వాళ్లకు తెలుస్తుంది.

పత్రంలో ముందుగా చూడాల్సినవి రెండు: చేరిన తేదీ, సంస్థ పేరు. బోర్డు మీద ఒక పేరు, జీతం చీటీ మీద మరో పేరు, బ్యాంకులో జీతం వేసే ఖాతాకు మూడో పేరు ఉండటం మన కొట్లలో మామూలే. ఒకటి నాన్నగారి పేరున, ఒకటి కోడలి పేరున, ఒకటి భాగస్వామ్య సంస్థగా నడుస్తుంటాయి. ఆ మూడు పేర్లూ రాసి ఇంట్లో పెట్టుకోండి. పత్రం ఇవ్వకపోయినా దిగులు పడనక్కర్లేదు. జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, ఇ.ఎస్.ఐ. కార్డు, గుర్తింపు కార్డు, షిఫ్టులు వేస్తూ వాట్సాప్ గ్రూపులో పెట్టిన జాబితాలు, హాజరు పట్టీ ఫోటో, ఇవన్నీ మీరు అక్కడ పనిచేశారనడానికి రుజువులే.

ఎదురు కొట్టువాళ్లు రెండు వేలు ఎక్కువిస్తామంటున్నారు. వెళ్తే విశ్వాసఘాతకం అంటున్నారు మావాళ్లు. పైగా రెండేళ్లు పోటీ సంస్థలో చేరనని చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్నారు.

వెళ్లవచ్చు. ఉద్యోగం మానేశాక ఫలానా చోట పనిచేయకూడదని కట్టడి చేసే ఒప్పందం, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. నోటీసు కాలం పూర్తిచేసి, గల్లా లెక్క అప్పజెప్పి, తాళాలు ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకుని వెళ్లండి.

విశ్వాసం అంటే ఆ కొట్టులో ఉన్నంతకాలం ఆ కొట్టు సొమ్ముకు, గుట్టుకు నిజాయితీగా ఉండటం. కంపెనీల నుంచి వచ్చే కొనుగోలు ధరల పట్టిక ఫోటో తీసి ఎదురు కొట్టుకు పంపడం తప్పు. మీ చేతి నేర్పు, పదేళ్లలో మీకు అలవాటైన ఖాతాదార్ల ముఖాలు మాత్రం మీవే. చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఇవ్వకుండా పట్టి ఉంచితే లిఖితపూర్వకంగా అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి.

నెలాఖరు స్టాకు లెక్కలో తేడా వస్తే ఆ మొత్తాన్ని షిఫ్టులో ఉన్నవాళ్లందరికీ పంచి జీతంలో కోస్తున్నారు. ఇది సరైనదేనా?

కాదు. వచ్చే ఫిర్యాదుల్లో ఇది పెద్దది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన వేతన కోడ్ ప్రకారం, ఉద్యోగికి అప్పగించిన సరుకో డబ్బో పోతే, ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లనో తప్పు వల్లనో జరిగినప్పుడే కోత వేయాలి. అది కూడా అతని సంజాయిషీ విన్న తర్వాతే. కోసే మొత్తం జరిగిన నష్టాన్ని మించకూడదు. అన్ని రకాల కోతలూ కలిపి ఆ నెల జీతంలో సగం దాటకూడదు. జరిమానా అయితే జీతంలో మూడు శాతమే పరిమితి. 'ఆ రోజు ఫ్లోరులో ఆరుగురున్నారు, తలా ఇంత' అనే పద్ధతికి ఇందులో ఎక్కడా చోటు లేదు. ఆరుగురిలో తప్పు ఎవరిదో తేల్చలేనప్పుడు, తేల్చడం యజమాని పని. తేల్చలేకపోతే ఆ నష్టం వ్యాపారానిదే అవుతుంది.

అసలు తేడా ఎలా వస్తుందో ఒకసారి చూడండి. గోడౌన్‌లో దిగిన ఎండుమిర్చి బస్తాలో తేమ ఉంటుంది. వేసవిలో నెల రోజులు పడి ఉంటే బరువు తగ్గుతుంది. గుంటూరు వాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. బెల్లం వానాకాలంలో కారుతుంది. విడి కందిపప్పు బస్తా విప్పి కిలో, అరకిలో పొట్లాలు కడుతుంటే ప్రతి పొట్లానికీ నాలుగైదు గ్రాములు ఎక్కువ పడుతుంది. తక్కువ తూగితే తూనికల శాఖ వాళ్లు పట్టుకుంటారన్న భయంతో ఎక్కువే వేస్తారు. పాడైన బిస్కెట్ ప్యాకెట్లు కంపెనీ మనిషి వెనక్కి తీసుకెళ్తాడు గానీ, దానికి రావలసిన క్రెడిట్ నోటు రెండు నెలలకు వస్తుంది. ఈలోగా లెక్కలో ఆ సరుకు పోయినట్టే కనిపిస్తుంది. ఒకే సబ్బు రెండు సైజుల్లో ఉంటే, కౌంటర్ మీద రద్దీలో చిన్నదాని కోడ్ పెద్దదానికి పడుతుంది. ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ఒకటి తక్కువ. రెండూ కలిపి చూస్తే తేడా చిన్నది. ఎక్కువ వచ్చినదాన్ని పక్కనపెట్టి తక్కువ వచ్చినదాన్నే కోసుకునే లెక్కలు నేను చూశాను.

అందుకని కోత వేసినప్పుడు అడగవలసినవి: ఏ సరుకు, ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, తరుగు ఎంత వదిలారు, ఎక్కువ వచ్చిన సరుకు లెక్క ఏది. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది, రాసి అడగండి.

యజమానులకూ ఒక మాట. ఉమ్మడి కోత వేసే కొట్టులో దొంగతనం తగ్గదు. 'ఎలాగూ నా జీతంలో పోతుంది కదా' అని నిజాయితీపరుడు మానేస్తాడు. రెండో రకం మనిషి మిగులుతాడు.

పని గంటలెన్ని? ఉదయం తొమ్మిదికి వస్తే రాత్రి పదింటికి షట్టరు దించాకే వెళ్లనిస్తున్నారు.

వారానికి 48 గంటలు దాటకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఉండాలి. రోజువారీ పరిమితిని రాష్ట్రం 2025లో ఎనిమిది గంటల నుంచి పదికి సడలించింది గానీ, వారం లెక్క మారలేదు. అదనపు గంటలకు రెట్టింపు వేతనం. తొమ్మిది నుంచి పది అంటే పదమూడు గంటలు. మధ్యలో గంట భోజనానికి పోయినా లెక్క తేలికే. చేరిన రోజు నుంచి ఒక చిన్న పుస్తకంలో వచ్చిన, వెళ్లిన వేళలు రాసుకోండి. వేలిముద్ర యంత్రంలోని లెక్క యజమాని దగ్గర ఉంటుంది, పుస్తకం మీ దగ్గర ఉంటుంది.

కౌంటర్ దగ్గర కూర్చోనివ్వరు. స్టూలు వేస్తే 'ఖాతాదారు ముందు కూర్చుంటావా' అంటారు.

రోజంతా నిలబడటం వల్ల కాళ్ల నరాలు ఉబ్బిన ఆడవాళ్లు ప్రతి శాఖలో కనిపిస్తారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించి కూర్చునే సదుపాయం తప్పనిసరి చేశాయి. కేరళలో అది బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్నది. మన దగ్గర ఇదే డిమాండు పెట్టాలంటే సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార కమిటీలో పెట్టవచ్చు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. అందులో యజమాని వైపు ఎందరో, ఉద్యోగుల వైపు అందరే ఉండాలి. నాలుగు స్టూళ్ల ఖరీదు ఎంతో కిరాణా వ్యాపారికి తెలియనిది కాదు.

పెళ్లి ఖర్చుకు అడ్వాన్సు తీసుకున్నాను. బాకీ తీరేదాకా మానడానికి వీల్లేదంటున్నారు.

బాకీ ఉంటే తీర్చాలి. కానీ అప్పు చూపించి మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం. మానేశాక వాయిదాల్లో కడతానని రాసివ్వండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కట్టవద్దు. ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి ఉంటే, పూర్తిగా తీర్చిన రోజున అది చేతికి తీసుకుని మీరే చించండి.

మా శాఖలో పన్నెండు మందిమే. అందుకే పి.ఎఫ్. లేదంటున్నారు. నిజమేనా?

పి.ఎఫ్.కు ఇరవై మంది, ఇ.ఎస్.ఐ.కి పది మంది అన్నది నిజమే. అయితే ఆ లెక్క శాఖకు కాదు, సంస్థకు. ఒకే కుటుంబం, ఒకే గోడౌన్, ఒకే కొనుగోలు విభాగం, అవసరమైతే ఇటు మనిషిని అటు పంపే అధికారం ఉండి, బిల్లు మీద మాత్రం ఆరు పేర్లుంటే, ఆరింటినీ ఒకే సంస్థగా పరిగణించే అధికారం పి.ఎఫ్. సంస్థకు ఉంది. కోర్టుల్లో ఇలాంటి కేసులు ఎన్నో నడిచాయి. గోడౌన్ నుంచి సరుకు ఏ శాఖకు వెళ్లిందో చూపే చలాన్లు, బదిలీ అయినప్పటి సందేశాలు ఇక్కడ పనికొస్తాయి.

ఇ.ఎస్.ఐ.లో ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. రెండు వాటాలూ మీ జీతంలోంచే కోస్తున్నారేమో చీటీ చూసుకోండి, యజమాని వాటా మీ నుంచి రాబట్టడం నేరం. కార్డు ఉన్నా వాడుకోని వాళ్లు చాలామంది ఉన్నారు. గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి పెట్టుకుని, కాన్పుకు అప్పుచేసి ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినవాళ్లను చూస్తే బాధేస్తుంది.

దసరాకు చీర, మిఠాయి పెట్టె, వెయ్యి రూపాయలు ఇచ్చి ఇదే బోనస్ అంటున్నారు.

చీర చీరే, బోనస్ బోనసే. ఇరవై మంది ఉన్న సంస్థలో, ఏడాదిలో కనీసం 30 రోజులు పనిచేసి, జీతపు పరిమితిలో ఉన్నవారికి ఏడాది వేతనంలో కనీసం 8.33 శాతం చెల్లించాలి. లాభాన్ని బట్టి అది 20 శాతం దాకా వెళ్లవచ్చు. లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోపు ఇవ్వాలి. మార్చి 31న లెక్కలు మూస్తే నవంబర్ 30 గడువు. పండగకు నగదుగా ఇచ్చిన మామూలును యజమాని ఈ బోనస్‌లోంచి మినహాయించుకోవచ్చు, ఆ వెసులుబాటు చట్టంలోనే ఉంది. కాబట్టి ఆ వెయ్యి తీసేసి మిగతాది అడగండి. మిఠాయి తినేయండి.

బుడమేరు వరదలో మా శాఖ మునిగింది. కొట్టు మూసిన రోజులకు జీతం కోశారు. సరుకంతా పోయిన మనిషిని జీతం అడగడం ధర్మమేనా?

2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఉన్నవాళ్లకు రెండు రకాల నష్టమూ తెలుసు. యజమాని పప్పు బస్తాలు బురదలో కలిశాయి. అదే నీళ్లు పనివాడి ఇంట్లో మంచం పైదాకా వచ్చాయి. నెల జీతం మీద పనిచేసేవారికి కోత వేయడానికి వేతన కోడ్ పేర్కొన్న కారణాలు కొన్నే. ఉద్యోగి రాకపోవడం అందులో ఉంది, యజమాని తానుగా కొట్టు మూసి ఉంచడం లేదు. ఇక ధర్మం సంగతి అంటారా, నీళ్లు తీశాక చీపుళ్లు పట్టుకుని ముందు వచ్చింది ఎవరు? సొంత ఇల్లు కడుక్కోకుండానే కొట్టు కడగడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల జీతం కోసిన యజమాని ఆ తర్వాత విశ్వాసం గురించి మాట్లాడితే వినేవాడికి నవ్వొస్తుంది. పూర్తిగా ఇవ్వలేకపోతే 'మూడు వాయిదాల్లో ఇస్తాను' అని చెప్పవచ్చు. అలా చెప్పిన యజమాని దగ్గర జనం నిలబడతారు.

అన్నదమ్ములు విడిపోయారు. మా శాఖ తమ్ముడిగారి వాటాకు వచ్చింది. 'పాత సర్వీసు అన్నయ్యతో చూసుకోండి, ఇక్కడ కొత్తగా చేరినట్టే' అంటున్నారు. నాకు పద్నాలుగేళ్ల సర్వీసు ఉంది.

కుటుంబ సంస్థల్లో అసలు చిక్కు ఇక్కడే. పంపకాల కాగితంలో స్థలాలు, సరుకు, బ్యాంకు అప్పు, కొట్టు పేరు, చివరికి డెలివరీ ఆటో కూడా రాసుకుంటారు. పనివాళ్ల సర్వీసు మాత్రం ఎవరి పద్దులోనూ పడదు.

సంస్థ చేతులు మారినప్పుడు చట్టం ముందు రెండు దారులే ఉన్నాయి. మొదటిది: సర్వీసు తెగకుండా, షరతులు తగ్గకుండా, పాత ఏళ్లన్నిటికీ కొత్త యజమాని బాధ్యత వహించడం. రెండోది: పాత యజమాని నోటీసుతో పాటు, పూర్తయిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇచ్చి లెక్క తేల్చడం. పాత ఏళ్లు గాలికి వదిలి కొత్తగా మొదలుపెట్టే మూడో దారి లేదు.

గ్రాట్యుటీ దీనికి వేరు. అయిదేళ్లు నిండినవారికి, చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. గ్రాట్యుటీ లెక్కకు వచ్చే వేతనం 18,000 అనుకుంటే, పద్నాలుగేళ్లకు 1,45,385 రూపాయలు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు. ఉద్యోగం ముగిసిన 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. మీరు రాజీనామా చేసినా ఇది వస్తుంది. 'నువ్వే మానేశావు కాబట్టి లేదు' అనే మాట తప్పు.

పంపకాలు జరుగుతున్నాయని తెలిసిన వెంటనే, ఇంకా ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటున్నప్పుడే, సర్వీసు కొనసాగింపు ఉత్తరం అడగండి. తర్వాత ఒకరి ఫోను ఇంకొకరు ఎత్తరు. మీ మొర ఇద్దరికీ వినపడదు.

అయితే మాకు నచ్చిన అన్నయ్యగారి తరఫున మేమే నిలబడితే? అమెరికాలో ఒక కిరాణా సంస్థలో ఉద్యోగులు సమ్మె చేసి యజమానిని వెనక్కి తెచ్చుకున్నారని విన్నాం.

విన్నది నిజమే. ఆ సంస్థ పేరు మార్కెట్ బాస్కెట్. గ్రీసు నుంచి వలస వచ్చిన డెమౌలస్ దంపతులు 1917లో మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణంలో చిన్న మాంసం కొట్టుగా మొదలుపెట్టారు. 1954లో అది ఇద్దరు కొడుకుల చేతికి వచ్చింది. 1971లో ఒక కొడుకు చనిపోయాడు. తమ వాటా మోసంతో లాక్కున్నారని ఆయన కుటుంబం 1990లో కోర్టుకెక్కింది, గెలిచి 50.5 శాతం వాటా దక్కించుకుంది. చదువుతుంటే మన గవర్నర్‌పేటలో ఎవరింటి గొడవో అనిపిస్తుంది.

రెండో కొడుకు కుమారుడు ఆర్థర్ టి. డెమౌలస్ 2008లో అధ్యక్షుడయ్యాడు. ఉద్యోగుల పేర్లు గుర్తుపెట్టుకుని పలకరించే మనిషి. ధరలు తక్కువ, జీతాలు మెరుగు. లాభాల్లో వాటాగా ఉద్యోగుల పేరున పదవీ విరమణ నిధి ఉండేది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఆ నిధి నష్టపోతే సంస్థ సొమ్ముతో పూడ్చారు. 2014 జూన్‌లో, చనిపోయిన కొడుకు కుటుంబం చేతిలో ఉన్న బోర్డు ఆయన్ని తొలగించింది. అప్పటికి 71 దుకాణాలు, దాదాపు 25,000 మంది ఉద్యోగులు. యూనియన్ లేదు. అయినా గోడౌన్ వాళ్లు, లారీ డ్రైవర్లు సరుకు కదలనివ్వలేదు. కూరగాయల అరలు ఖాళీ అయ్యాయి. ఖాతాదారులు కూడా వాళ్ల పక్షాన నిలిచి, వేరే కొట్లలో కొన్న బిల్లులు తెచ్చి ఈ దుకాణాల అద్దాలకు అంటించారు. రెండు రాష్ట్రాల గవర్నర్లు మధ్యవర్తిత్వంలో పాలుపంచుకున్నారు. ఆగస్టు 27న ఒప్పందం కుదిరింది. అవతలి వాళ్ల 50.5 శాతం వాటాను 150 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఆర్థర్ టి. కొనుక్కున్నాడు.

ఇక్కడితో ఆపితే సినిమాలా బాగుంటుంది. కానీ 2025 మేలో బోర్డు అదే ఆర్థర్ టి.ని సెలవు మీద పంపింది, సెప్టెంబర్‌లో ఉద్యోగం నుంచి తీసేసింది. ఈసారి తగవు సొంత అక్కచెల్లెళ్లతో.

ఆ ఉద్యోగులు అమాయకులని నేను అనను. వాళ్లు నిలబడింది ఒక మనిషి కోసం అన్నట్టు కనిపించినా, నిజానికి తమ లాభాల వాటా కోసం, పని పద్ధతి కోసం. ఆ పదకొండేళ్లూ అవి నిలిచాయి. అయితే సంస్థ ఎవరిది కావాలన్నది మాత్రం వాటాదార్లే తేలుస్తారని రెండోసారి రుజువైంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. చట్టం దృష్టిలో పారిశ్రామిక వివాదం అంటే ఉద్యోగానికి, పని షరతులకు సంబంధించినదై ఉండాలి. అన్నదమ్ముల్లో గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలన్నది అందులో ఇమడదు. అన్నయ్యగారంటే మీకు ఎందుకు ఇష్టమో చూసుకోండి. ఆదివారం సెలవు, సకాలంలో జీతం, పండగ అడ్వాన్సు, ఇవే అయితే వాటినే రాసి డిమాండు పెట్టండి. అప్పుడు ఎవరు కూర్చున్నా జవాబు చెప్పాల్సిందే.

సమ్మె చేయాలంటే పద్ధతి ఏమిటి? అందరం ఒకే రోజు సెలవు పెడితే సరిపోదా?

సరిపోదు, అది మరీ ప్రమాదం. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఉద్యోగుల్లో సగం మంది, అంతకంటే ఎక్కువ మంది ఒకే రోజు కలిసి సెలవు పెడితే అది సమ్మె కిందే లెక్క. సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు ఇవ్వాలి. కార్మిక శాఖ అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజుల వరకు సమ్మె చేయకూడదు. ఆవేశంలో నోటీసు లేకుండా షట్టరు ముందు కూర్చుంటే న్యాయం మీ వైపున్నా చట్టం అటువైపు వెళ్తుంది. నిజం చెప్పాలంటే కొత్త కోడ్ సమ్మెను బాగా కష్టం చేసింది. పాత చట్టంలో ఈ నోటీసు నియమం ప్రజోపయోగ సేవలకే ఉండేది.

యూనియన్ పెడితే తీసేస్తారా?

తీసేస్తామని బెదిరిస్తారు. యూనియన్‌లో చేరినందుకు తొలగించడం అనుచిత కార్మిక విధానం, శిక్షార్హం. నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. దానితో పాటు సంస్థలోని కార్మికుల్లో పదో వంతు లేదా వంద మంది, ఏది తక్కువైతే అంత బలం ఉండాలి. విజయవాడలో హమాలీ ముఠాలకు దశాబ్దాలుగా యూనియన్లున్నాయి. బస్తా ఎత్తుడు కూలి రేటు వాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. అదే గోడౌన్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న గుమస్తాకు మాత్రం యూనియన్ నామోషీ.

నన్ను 'ఫ్లోర్ ఇన్‌చార్జి' అని పిలుస్తారు. నాకు ఇవన్నీ వర్తించవంటున్నారు.

పేరు కాదు, పని చూస్తారు. పర్యవేక్షణ పనిలో ఉండి నెలకు 18,000 దాటి తీసుకునేవారు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కార్మికుల కిందకు రారు. చొక్కా మీద బిళ్ల పెట్టుకుని రోజంతా అరలు సర్దేవారు పర్యవేక్షకులు కారు. గ్రాట్యుటీ, పి.ఎఫ్. వంటివి నిజమైన మేనేజర్లకూ వర్తిస్తాయి.

రాత్రికి రాత్రి 'రేపటి నుంచి రావద్దు' అన్నారు. రాజీనామా రాసిస్తే బాకీ జీతం ఇస్తామంటున్నారు.

రాయవద్దు. ఆరు నెలలు దాటి పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయడానికి దుకాణాల చట్టం ఒప్పుకోదు. ఏడాది దాటితే సర్వీసు పరిహారం కూడా ఉంది. బాకీ జీతం రాజీనామాతో ముడిపెట్టేది కాదు. తొలగించినా, మీరే మానేసినా, రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతన కోడ్ చెబుతోంది.

మర్నాడు మామూలు వేళకే కొట్టుకు వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే గొడవ పడకుండా, 'పనికి వచ్చాను, రానివ్వలేదు' అని తేదీ, సమయంతో సందేశం పెట్టండి. అదే మాట రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తర్వాత కార్మిక శాఖలో రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, తొలగించిన రోజు నుంచి రెండేళ్లు గడువు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100కు ఫోను చేయండి.

నేను యజమానిని. పదేళ్లుగా నమ్మిన మనిషి గల్లాలో చేయి పెట్టాడు. అతన్నీ నోటీసు ఇచ్చే పంపాలా?

మీ కోపం అర్థమవుతుంది. అయినా కొట్టవద్దు, నలుగురిలో జేబులు వెతకవద్దు, తెల్లకాగితం మీద ఒప్పుకోలు రాయించవద్దు. కేసు చేజారేది అక్కడే. సీసీ కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే వేరే చోట దాచండి. ఆరోపణ రాసి ఇచ్చి, జవాబుకు గడువు ఇచ్చి, విచారణ జరపండి. విచారణ చేసేది మీ బావమరిది కాకుండా చూసుకోండి. సస్పెండ్ చేస్తే విచారణ 90 రోజుల్లో ముగించాలి, ఆ కాలానికి సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. దొంగతనం రుజువైతే నోటీసు లేకుండానే తొలగించవచ్చు, పోలీసు ఫిర్యాదు వేరే దారి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. ఆ పదేళ్లలో అతని జీతం ఎన్నిసార్లు పెరిగిందో కూడా అదే ఫైల్లో చూడండి. దొంగతనానికి అది సాకు కాదు. కౌంటర్ దగ్గర మిగిలిన తొమ్మిది మంది అదే లెక్క వేసుకుంటూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

కేసు వేసి గ్రాట్యుటీ రాబట్టుకున్నాను. మా వీధిలో ఉన్నది ఆ కొట్టే. మళ్లీ సరుకులకు అక్కడికి వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు.

నిక్షేపంగా వెళ్లండి. పెద్దాయన గల్లా దగ్గరుంటే నమస్కారం పెట్టండి, చాలామంది తిరిగి పెడతారు. పప్పు ఏ బస్తాది మంచిదో మీకంటే బాగా తెలిసినవాళ్లు ఆ కొట్టులో ఎవరున్నారు?